నూకరత్నం, వరాహమూర్తి ఒక్కరే

ప్రభుత్వంలో ఆఫీసులు చాలా ఉన్నాయి గానీ, వేదాంతానికి పనికొచ్చే ఆఫీసు మాదొక్కటే. దాని పూర్తి పేరు 'వ్యక్తి ఏకత్వ ధ్రువీకరణ ఉప కార్యాలయం'. అంత పేరు పలికే ఓపిక లేక ఊళ్ళో జనం దాన్ని 'ఒక్కరే ఆఫీసు' అంటారు. ఒక మనిషికి బడి కాగితంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు పడుతుంది. ఆ రెండు పేర్లూ రాసింది ప్రభుత్వమే. ఆ రెండు పేర్ల మనిషీ ఒక్కరేనని రుజువు చేసుకోవలసింది మాత్రం ఆ మనిషి. అలా రుజువు చేసుకున్నవాళ్ళకి 'ఫలానా ఆయనా, ఫలానా ఆయనా ఒక్కరే' అని కాగితం ఇవ్వడం మా పని. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని.

ఈ పనిని మేం చాలా జాగ్రత్తగా చేసేవాళ్ళం. జాగ్రత్త అంటే ఆలస్యమని వేరే చెప్పక్కర్లేదు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు సాక్షుల్ని తీసుకురావాలి. ఆ సాక్షులు వాళ్ళని పుట్టినప్పట్నుంచీ ఎరిగుండాలి. ఊరందర్నీ పుట్టినప్పట్నుంచీ ఎరిగినవాళ్ళు ఇద్దరు మా ఆఫీసు ఎదురుగా టీ బడ్డీ దగ్గర రోజంతా కూర్చునేవాళ్ళు. తమకంటే వయసులో పెద్దవాళ్ళని కూడా వాళ్ళు పుట్టినప్పట్నుంచీ ఎరుగుదురు.

ఇలా అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో మా అధికారి అచ్యుతరావుగారిని ప్రభుత్వం శిక్షణకి పంపింది. 'ఒత్తిడి లేని పరిపాలన' అని దానికి పేరు. ఎక్కడో కొండ మీద ఆశ్రమంలో వారం రోజులు. వెళ్ళేటప్పుడు ఆయనకి రక్తపోటు ఉంది. తిరిగొచ్చేసరికి రక్తపోటుతో పాటు ఆత్మజ్ఞానం కూడా ఉంది. వచ్చిన రోజే సిబ్బందినంతా తన గదిలోకి పిలిచారు.

"ఇన్నాళ్ళూ మనం ఎంత అజ్ఞానంలో ఉన్నామో మీకేమైనా తెలుసా?" అని అడిగారు. ఆడిట్ వస్తోందేమోనని మా సూపరింటెండెంటు హైమవతిగారు కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నారు.

"ఉన్నది ఒకటే ఆత్మ. పేర్లూ రూపాలూ అన్నీ మాయ. అలాంటప్పుడు ఈ ఇద్దరూ ఒక్కరేనా కాదా అని మనం విచారణ చేయడమేమిటి? ఒక్కరు కాకుండా పోయే అవకాశం ఎక్కడుంది? ఉంటే చెప్పండి."

హైమవతిగారు పాత ఉత్తర్వులన్నీ తిరగేసి, అలాంటి అవకాశం గురించి నిబంధనల్లో ఎక్కడా లేదని చెప్పారు. సాయంత్రానికల్లా సర్క్యులర్ తయారైంది.

"విషయం: ఆత్మ – ఏకత్వము – అమలు – తగు ఆదేశములు జారీ చేయుట గురించి. సూచిక: శ్రుతి వాక్యములు, తేదీ లేదు. పై సూచికను కూలంకషముగా పరిశీలించిన మీదట రెండవది లేదని నిర్ధారణ అయినందున, ఇకమీదట ఈ కార్యాలయమునకు వచ్చు ఏ ఇద్దరు వ్యక్తులనైనను ఒక్కరేనని తడవు చేయక ధ్రువీకరించవలెను. ఆత్మయే సాక్షి అయి ఉన్నందున బయటి సాక్షులను కోరరాదు. ఇందుకు భిన్నముగా వ్యవహరించు సిబ్బంది అవిద్యకు లోనైనట్లు భావించి క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును."

'తేదీ లేదు' అన్నది నా సలహా. శ్రుతికి పుట్టుకే లేదు కాబట్టి తేదీ వేయడానికి వీల్లేదని నేను నోట్ పెడితే, అధికారి పక్కన 'శభాష్' అని రాశారు. నా సర్వీసు మొత్తం మీద నాకు దక్కిన శభాష్ అదొక్కటే.

మర్నాటి నుంచీ మా ఆఫీసు పరుగులు పెట్టింది. పరీక్ష తప్పిన కుర్రాడు, పాసైన తన అన్నా తానూ ఒక్కరేనని కాగితం పట్టుకెళ్ళి ఉద్యోగంలో చేరాడు. ఒకాయన చనిపోయిన తన మామగారూ తానూ ఒక్కరేనని రాయించుకుని ఆయన ఓటు వేసి వచ్చాడు. ఇద్దరు భార్యలున్న ఒక ఉద్యోగి, ఆ ఇద్దరూ ఒక్కరేనని రాయించుకుని శాఖాపరమైన విచారణ నుంచి బయటపడ్డాడు. ఆ ఇద్దరు భార్యలూ ఆయన వెనకాలే వచ్చి, ఒకరినొకరు చూసుకోకుండా వరండాలో చెరో చివర నిలబడ్డారు. అది మాయ ప్రభావమని అధికారి మాకు వివరించారు.

మా అటెండరు ఒకరోజు ఆలస్యంగా వచ్చి, "తమరు వచ్చేశారు కదా సార్, నాను వచ్చినట్టే గదా" అన్నాడు. అతనికి మెమో ఇచ్చాం. సర్క్యులర్ ప్రజలకే గానీ సిబ్బందికి వర్తించదని అందులో స్పష్టంగా రాశాం.

నెల తిరిగేసరికి మా దగ్గర పెండింగ్ అన్నమాట లేదు. జిల్లా మొత్తానికి మేటి కార్యాలయమని మాకు షీల్డు ఇచ్చారు. వేదిక మీద ఇచ్చిన ప్రశంసాపత్రంలో మా అధికారి పేరు పొరపాటున అచ్యుతరామయ్య అని పడింది. ఆయన దాన్ని అక్కడికక్కడే దిద్దించుకుని గానీ వేదిక దిగలేదు.

ఆ రోజుల్లోనే నూకరత్నం వచ్చింది.

ముప్ఫై దాటిన మనిషి. మనిషి కంటే ముందు రొయ్యల వాసన లోపలికి వచ్చింది. చీర మీద కంపెనీ వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ ఏప్రన్ ఇంకా అలాగే ఉంది.

"నాను కోరాడ నూకరత్నాన్నండి. రొయ్యల కంపెనీలో పొట్టు తీత్తానండి. బైపాసు రోడ్డు పక్కన గవర్నమెంటోలు నాకు ఇంటిస్థలం ఇచ్చినారండి. పట్టాలో కె. రత్నం అని పడిపోనాది. కార్డులో నూకరత్నం అని ఉన్నాది. రెండూ నానేనని కాయితం ఇస్తే ఇల్లు మొదలెడతానండి. అద్దె కొంప కురిసిపోతన్నాది, ఈ వానలకి అందులో ఉండలేమండి."

వేలిముద్ర వేయమన్నాను. ఏ వేలు పెట్టినా యంత్రం గుర్తించనంది. ఐసు నీళ్ళలో రొయ్యలు వలిచి వలిచి ఆవిడ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. సంగతి తెలిసి అచ్యుతరావుగారు స్వయంగా లేచి వచ్చి ఆ వేళ్ళని భక్తిగా చూశారు.

"చూశారా, మనం ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నది ఈమె రొయ్యలు వలిచి సాధించింది. శరీరం మీద ఉన్న గుర్తులే చెరిగిపోయాయి. ఇక మిగిలింది ఆత్మ ఒక్కటే."

"రాత్రైతే మంటెడతాయండి," అంది నూకరత్నం.

దరఖాస్తులో గళ్ళు నింపడం నా వంతు. పుట్టిన తేదీ దగ్గర, ఆత్మకి పుట్టుక లేదు కాబట్టి కొట్టేశాను. నివాసం దగ్గర 'అంతటా' అని రాశాను. కులం గడిని మాయ కింద కొట్టేయమని అధికారి చెప్పారు, కొట్టేశాను. హైమవతిగారు ముందుకి వంగి, "ఇంతకీ మీరేవిట్లమ్మా?" అని మెల్లిగా అడిగి తెలుసుకున్నారు. అది ఆఫీసు కోసం కాదు, ఊరికే.

"రెండు పేర్లు ఒక్కటేనని మాత్రమే అడుగుతున్నావు. ఇది సంకుచితం తల్లీ," అన్నారు అచ్యుతరావుగారు. "ఎవరితోనూ నీకు భేదం లేదు. మొత్తానికి కలిపి రాసిస్తాను." అని, 'కె. రత్నం అను ఈమెయు, తదితర సమస్త వ్యక్తులును ఒక్కరే' అని రాయించి సంతకం చేశారు.

నూకరత్నం కూడబలుక్కుని చదువుకుంది. "ఇందులో నూకరత్నం అని నేదండీ."

"సమస్తంలో ఉందమ్మా."

ఆవిడకి నమ్మకం కుదరలేదు. అయినా కాగితాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళింది. పారదర్శకత కోసం మేం ఆ కాగితం నకలు నోటీసు బోర్డులో అంటించాం.

నోటీసు బోర్డు చదివే అలవాటు ఊళ్ళో ఒక్కరికే ఉంది. ఆయన కాంట్రాక్టరు వరాహమూర్తి. ఊళ్ళో సగం రోడ్లు ఆయన వేసినవే, గుంతలున్నవి కూడా ఆ సగమే. బైపాసు పక్కన మూల స్థలం మీద ఆయన కన్ను చాలాకాలంగా ఉంది, అక్కడ పెట్రోలు బంకు పెట్టాలని. ఆ మూల స్థలం కె. రత్నం పేరున ఉంది. ఆయన నోటీసు రెండుసార్లు చదువుకుని లోపలికి వచ్చి, తానూ కె. రత్నమూ ఒక్కరేనని ప్రత్యేకంగా ఒక కాగితం ఇప్పించమన్నారు.

ఆయనకి కాఫీ తెప్పించాం. ఆ కాఫీ తాగేలోపల కాగితం చేతికిచ్చాం. అది చూసుకుని వరాహమూర్తిగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ ఆవిడ వేరు, నేను వేరు అనుకున్నానండి. ఎంత పొరపాటు," అన్నారు. అచ్యుతరావుగారి కళ్ళు కూడా చెమర్చాయి. ఒక మనిషికి తమ చేతుల మీదుగా జ్ఞానం కలిగితే ఏ అధికారికైనా అలాగే ఉంటుంది.

రెండో రోజుకల్లా నూకరత్నం పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నా స్థలం సుట్టూ కంచె ఏసీసినారండి. ఇదేటని అడిగితే, నాను నువ్వేనంటన్నాడండి ఆ కాంట్రాట్రు."

"నిజమే కదమ్మా," అన్నారు అచ్యుతరావుగారు.

"నాను ఆయన్నే అయితే, ఆయన మేడలో నన్నుండనిత్తాడేటండి?"

హైమవతిగారు ఫైలు తిరగేయడం మొదలుపెట్టారు. అధికారి మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు.

"సత్యానికి రెండు స్థాయిలుంటాయి తల్లీ. ఒకటి పారమార్థికం. అక్కడ అందరూ ఒక్కరే. రెండోది వ్యావహారికం. అక్కడ ఎవరి మేడ వాళ్ళది. నీ స్థలం విషయంలో మనం పారమార్థికంగా వెళ్ళాం. ఆయన మేడ దగ్గరికి వచ్చేసరికి అది వ్యావహారికం."

ఏది ఎప్పుడు వర్తిస్తుందో ఫైల్లో రాయాలి కాబట్టి ఆ సంగతి నేను అడిగాను. "ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది," అన్నారు. అలాగే రాసుకున్నాను.

"నీ స్థలం ఎక్కడికీ పోలేదమ్మా," అని ఆయన మళ్ళీ నచ్చజెప్పారు. "నీ దగ్గరే ఉంది, ఆయన రూపంలో. పోగొట్టుకున్నానని ఏడుస్తున్నది ఎవరో ఒకసారి లోపలికి తిరిగి చూసుకో."

నూకరత్నం గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. "పునాది ఏద్దారని ఇటికలు దింపించినానండి. ఆ ఇటికలతోనే ఆడు గోడ కడతన్నాడండి," అంది. అది ఎవరితో అందో తెలీదు. నాకు చాలా జాలేసింది. జాలి వేసినా రాయడానికి మా దగ్గర గడి లేదు.

ఇది ఇక్కడితో ఆగుతుందనుకున్నాం. అయితే వరాహమూర్తిగారు కట్టిన ఒక కల్వర్టు అంతకు ముందు సంవత్సరం పాల వ్యాను కింద కూలిపోయింది. ఆ కేసులో ఆయన వాయిదాలకి వెళ్ళడం మానేశారు. కోర్టు వారంట్ ఇచ్చింది. పోలీసులు ఆయన మేడకి వెళ్ళారు. ఆయన కుక్కల్ని కట్టేయించి, వాళ్ళని కూర్చోబెట్టి, గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకున్న మా కాగితాన్ని చూపించారు.

"నేనే రొయ్యల కంపెనీలో కూడా ఉన్నాను. అక్కడ పట్టుకోండి. ఎక్కడ పట్టుకున్నా తేడా ఏమీ రాదు," అన్నారు.

పోలీసులు ఆ కాగితం నిజమైనదేనా అని మమ్మల్ని అడిగారు. నిజమైనదేనని అధికారి సంతకం చేసి పంపారు. వాళ్ళు నేరుగా రొయ్యల కంపెనీకి వెళ్ళి, పొట్టు తీస్తున్న ఆడవాళ్ళ వరసలో నూకరత్నం ముందు నిలబడి, "వరాహమూర్తిగారూ, మీ మీద వారంటుంది, దయచేయండి," అన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. వెనక ఐసు పెట్టెలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు కోర్టుకి రమ్మని మా అధికారికి కబురొచ్చింది. ఫైలు పట్టుకుని నేనూ వెళ్ళాను. నూకరత్నం బోనులో నిలబడి ఉంది. తలకి కంపెనీ టోపీ అలాగే ఉంది. దాన్ని తీసేయాలని ఆవిడకీ తోచలేదు, పోలీసులకీ తోచలేదు.

"నీ పేరేమిటమ్మా?" అని మేజిస్ట్రేటుగారు అడిగారు. మేజిస్ట్రేటుగారు వయసులో చిన్నావిడే, మాటలో నిదానం.

"కోరాడ నూకరత్నమండి."

"ఈమె వరాహమూర్తి, మేడమ్. కాగితముంది," అన్నాడు ఎస్సై.

మేజిస్ట్రేటుగారు కాగితం తీసుకుని చాలాసేపు చదివారు. తరవాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అచ్యుతరావుగారూ, ఈవిడా, వరాహమూర్తీ ఒక్కరేనా?"

"పారమార్థికంగా ఒక్కరే మేడమ్."

"నాకు అవునో కాదో చెప్పండి."

"అవును మేడమ్."

"ఈవిడా, మీరూ?"

అచ్యుతరావుగారు కళ్ళు మూసుకున్నారు. ఆశ్రమంలో అలా మూసుకోవడం నేర్పారట. "అవును మేడమ్. ఒక్కరే," అన్నారు.

"మంచిది," అన్నారు మేజిస్ట్రేటుగారు. "అయితే ఈమెని ఇంటికి పంపించేస్తాను. ఈమెకి బదులు మీరు రిమాండుకి వెళ్ళండి. తేడా ఏమీ రాదు కదా."

కానిస్టేబులు ఒక అడుగు ముందుకేశాడు. అచ్యుతరావుగారు కళ్ళు తెరిచారు. ఏదో అన్నారు గానీ, పక్కనే ఉన్న నాకే వినబడలేదు.

"గట్టిగా చెప్పండి. రికార్డు చేయాలి."

"నేను వేరండి," అన్నారు. "ఆవిడ వేరు. వరాహమూర్తి వేరు. ఎవరికి వాళ్ళే మేడమ్."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే తెలిసింది మేడమ్."

నూకరత్నాన్ని వదిలేశారు. కంచె తీయించేయమని, ఆ స్థలం పట్టాలో ఉన్న కె. రత్నానిదేనని ఆర్డరు వేశారు. వరాహమూర్తిగారిని పట్టుకోబోతే ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఏసీ గదిలో ఉన్నారు. ఆ నొప్పి మాత్రం ఆయన ఒక్కరిదే.

కోర్టు నుంచి ఆఫీసుకి రాగానే అచ్యుతరావుగారు తలుపు వేసుకున్నారు. సాయంత్రానికి రెండో సర్క్యులర్ వచ్చింది.

"విషయం: భేదము – అమలు – పూర్వపు ఆదేశముల రద్దు గురించి. గౌరవ న్యాయస్థానము సమక్షమున భేదమే సత్యమని అనుభవపూర్వకముగా తేలినందున, ఇకమీదట ఏ ఇద్దరు వ్యక్తులును, ఏ రెండు పేర్లును, ఎట్టి పరిస్థితులలోను ఒక్కటి కానేరవు. లోగడ జారీ చేసిన ఏకత్వ ధ్రువపత్రములన్నియు రద్దు చేయడమైనది."

ఒక్కరేనని రాసివ్వడానికి పెట్టిన ఆఫీసులో ఎవరూ ఒక్కరు కారని తేలాక పని మరీ తేలికైంది. వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపించేస్తున్నాం. పెండింగ్ ఈ నెల కూడా లేదు. మళ్ళీ షీల్డుకి మా పేరే అనుకుంటున్నారని హైమవతిగారు చెప్పారు. ఇద్దరు భార్యల ఉద్యోగికి మళ్ళీ ఇద్దరు భార్యలయ్యారు. టీ బడ్డీ దగ్గర సాక్షులిద్దరూ తిరిగొచ్చారు. ఇప్పుడు ఎవర్నీ ఎప్పుడూ చూడలేదని ప్రమాణం చేస్తున్నారు.

నిన్న మళ్ళీ వాన పట్టుకుంది. మధ్యాహ్నం నూకరత్నం తడిసిపోయి వచ్చింది. అధికారి శిక్షణకి వెళ్ళారు, ఈసారి వేరే ఆశ్రమానికి. అందుకని నా బల్ల దగ్గరికే వచ్చింది.

"కంచె తీసీసినారండి. స్థలం రత్నానిదని జడ్జమ్మగోరు రాసినారు. మరి ఆ రత్నం నానేనని మీరు రాయకపోతే గవర్నమెంటోలు ఇల్లు కట్టుకోనివ్వరంటండి."

"అది కుదరదమ్మా. రత్నం వేరు, నూకరత్నం వేరు. స్థలం రత్నానిది. నువ్వు ఇల్లు కట్టుకోవాలంటే రత్నం స్వయంగా ఇక్కడికి వచ్చి, తనకి అభ్యంతరం లేదని చెప్పాలి."

"రత్నమంటే నానే గదండీ."

"సర్క్యులర్ అలా లేదమ్మా."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. నాకు తల దించుకోవాలనిపించింది, దించుకున్నాను. తల ఎత్తేసరికి ఆవిడ లేదు. వరండాలో వాన చప్పుడు వినిపిస్తోంది.

కొంతసేపటికి అదే గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి వచ్చింది. ముఖం కొంగుతో తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. కొత్త చోటికి వచ్చినట్టు నాలుగు పక్కలా చూసి, నా బల్ల ముందు నిలబడి దండం పెట్టింది.

"నాను రత్నాన్నండి. రమ్మన్నారట."

నేను ఫైలు తెరిచాను. ఏం చేయాలో తెలీనప్పుడు మేం చేసేది అదే.

"నూకరత్నం అనే ఆమె నీ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి నీకు ఏమైనా అభ్యంతరం ఉందా?"

"నేదండి. దానికే ఇచ్చీండి. సానా కష్టపడ్డాది."

"ఆమె కూడా ఎదురుగా ఉండాలి. ఎక్కడుంది?"

"బైటే ఉందండి. అరుగు మీద కూకుని ఏడుత్తంది."

నేను పెన్ను పక్కన పెట్టి, కుర్చీలోంచి లేచి వెళ్ళి, వరండాలోకి తొంగి చూశాను.